ఏడేళ్ల యుద్ధం బిల్లు ఎవరు కట్టారు?

స్కూల్లో చరిత్రని మనకి ముక్కలు ముక్కలుగా చెప్తారు. ప్లాసీ ఏమో భారతదేశ చరిత్రలో, బోస్టన్ టీ గొడవ అమెరికా పాఠంలో, బాస్టిల్ కోట పడగొట్టడం ఫ్రెంచి విప్లవం పాఠంలో, ఇక బొబ్బిలి యుద్ధం అయితే పుస్తకాల్లో కంటే బుర్రకథల్లోనే ఎక్కువ కనిపిస్తుంది. కానీ ఈ నాలుగూ 1757 నుంచి 1789 లోపల జరిగినవే, ఒకదాంతో ఒకటి ముడిపడినవే. మధ్యలో ఉన్నది ఒకటే యుద్ధం, 1756 నుంచి 1763 దాకా జరిగిన ఏడేళ్ల యుద్ధం. ఆ యుద్ధంలో ఎవరు గెలిచారు, ఎవరు ఓడారు అనేది అందరూ రాస్తారు, అసలు ప్రపంచాన్ని తిప్పేసింది మాత్రం యుద్ధం అయ్యాక మిగిలిన అప్పు, ఆ అప్పుని ఎవరి నెత్తిన వెయ్యాలి అన్న గొడవ.

మొదలు చాలా చిన్నది. 1754 మే 28న ఇప్పటి పిట్స్‌బర్గ్‌కి దక్షిణాన ఉన్న అడవుల్లో, 22 ఏళ్ల వర్జీనియా ఆఫీసరు ఒకడు ఒక చిన్న ఫ్రెంచి దళం మీద దాడి చేశాడు, పట్టుమని పావుగంటలో అయిపోయింది, ఫ్రెంచి దళ నాయకుడు జుమోన్‌విల్ చనిపోయాడు. ఆ వర్జీనియా ఆఫీసరు పేరు జార్జి వాషింగ్టన్. ఒహాయో నది లోయ బ్రిటన్‌దా ఫ్రాన్స్‌దా అన్నదే అక్కడ తగాదా. రెండేళ్లు తిరిగేసరికి అది యూరప్‌కి పాకింది. సైలీషియా అనే ప్రాంతం కోసం ఆస్ట్రియా, ప్రష్యా కొట్టుకుంటున్నాయి కదా, ఆస్ట్రియా పక్కన ఫ్రాన్స్, ప్రష్యా పక్కన బ్రిటన్ చేరాయి, 1756 ఆగస్టులో ప్రష్యా రాజు ఫ్రెడరిక్ సాక్సనీ మీద పడ్డాడు, ఇక అక్కడి నుంచి కెనడా, కరీబియన్ దీవులు, పశ్చిమ ఆఫ్రికా, బెంగాల్, కోరమాండల్ తీరం, చివరికి ఫిలిప్పీన్స్ దాకా నిప్పు అంటుకుంది.

ఫ్రాన్స్ జనాభా అప్పట్లో బ్రిటన్‌కి దాదాపు మూడు రెట్లు. సైన్యం పెద్దది, భూమి సారవంతం. మరి ఎందుకు ఓడింది? బ్రిటిష్ సైనికుడు ఎక్కువ ధైర్యవంతుడేం కాదు. అప్పు పుట్టించే పద్ధతిలో తేడా ఉంది. బ్రిటన్‌లో 1694 నుంచే బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్ ఉంది, ప్రభుత్వం తీసుకునే అప్పుకి పార్లమెంటు హామీ ఉంది, ఫలానా పన్ను ఫలానా వడ్డీకి అని కేటాయించి చూపించేవాళ్లు, కాబట్టి జనం 3, 4 శాతం వడ్డీకే డబ్బు ఇచ్చేవాళ్లు. ఫ్రాన్స్‌లో అప్పు అంటే రాజు గారి అప్పు, ఆయనకి కుదరకపోతే ఎగ్గొడతాడు, గతంలో ఎగ్గొట్టాడు కూడా, అందుకని ఇచ్చేవాడు ఆ రిస్కుకి తగ్గట్టు వడ్డీ ఎక్కువ అడిగేవాడు. ఒకే ఓడ కట్టడానికి ఫ్రాన్స్‌కి బ్రిటన్ కంటే ఎక్కువ ఖర్చయ్యేది, ఏళ్లు గడిచేకొద్దీ ఆ తేడా తడిసి మోపెడయ్యేది.

ఈ తేడా ఎలా పనిచేసిందో దగ్గరగా చూడాలంటే మన తీరం కంటే మంచి చోటు లేదు, ఎందుకంటే ఇక్కడ రెండు వైపులా సైన్యాలు చిన్నవి, ప్రతి రూపాయీ లెక్కలో కనిపిస్తుంది.

1753లో నిజాం సలాబత్ జంగ్ తన దగ్గరున్న ఫ్రెంచి సైన్యం జీతాల కింద ముస్తఫానగర్, ఏలూరు, రాజమండ్రి, శ్రీకాకుళం సర్కార్లని, అంటే జిల్లాల్లాంటి శిస్తు ప్రాంతాలని, ఆ సైన్యం నాయకుడు బుస్సీకి రాసిచ్చాడు. ఉత్తర సర్కార్లు అంటే ఇవే. మచిలీపట్నం అప్పటికే ఫ్రెంచి వాళ్ల చేతిలో ఉంది. బుస్సీ తెలివైనవాడు, శిస్తు వసూలుకి విజయనగరం రాజు పూసపాటి విజయరామరాజుని పట్టుకున్నాడు. ఆ రాజుకి బొబ్బిలితో ఉన్న పాత పగ, బుస్సీకి కావలసిన శిస్తు బకాయిలు రెండూ కలిసి 1757 జనవరి 24న బొబ్బిలి కోట మీద పడ్డాయి. రంగారావు, ఆయన మనుషులు, కోటలో ఆడవాళ్లు, పిల్లలు ఎలా పోయారో తెలుగువాళ్లకి కొత్తగా చెప్పక్కర్లేదు, మూడు రోజులకి తాండ్ర పాపారాయుడు విజయరామరాజుని డేరాలోనే చంపడమూ తెలిసిందే. అంతగా పట్టించుకోని విషయం ఏంటంటే, ఆ తర్వాత గద్దెక్కిన ఆనంద గజపతి రాజుకి బుస్సీతో పొసగలేదు, ఆయన ఇంగ్లీషు వాళ్ల వైపు తిరిగాడు. 1758లో విశాఖపట్నంలో ఫ్రెంచి వాళ్లని పట్టుకుని, సాయం పంపమని ముందు మద్రాసుకి రాశాడు, వాళ్లు కాదన్నారు, తర్వాత కలకత్తాకి రాశాడు, క్లైవ్ సరే అన్నాడు.

క్లైవ్ ఎందుకు సరే అనగలిగాడు? 1757 జూన్ 23న ప్లాసీ అయింది కదా. మీర్ జాఫర్ నవాబు అయిన కొద్ది రోజులకే ముర్షిదాబాద్ ఖజానా నుంచి 70 లక్షల పైచిలుకు రూపాయల వెండి 700 పెట్టెల్లో, 100 పడవల మీద, బ్యాండు మేళంతో నదిలో దిగి కలకత్తా చేరింది. అంటే ఇంగ్లీషు ఈస్టిండియా కంపెనీకి ఇండియాలోనే ఒక ఖజానా దొరికింది. అదే టైంలో పాండిచ్చేరిలో దిగిన ఫ్రెంచి సేనాపతి లాలీ పరిస్థితి చూడండి, మద్రాసు ముట్టడి చేద్దామంటే చేతిలో పైసా లేదు, దాంతో తంజావూరు రాజు ఎప్పుడో, ఫ్రెంచి వాళ్లు ఆర్కాటు నవాబుని చెయ్యాలనుకున్న చందా సాహెబుకి రాసిచ్చిన 56 లక్షల రూపాయల బాండు వసూలు చెయ్యడానికి సైన్యాన్ని వేసుకుని తంజావూరు మీదకి వెళ్లాడు! అది రాలేదు, ఉన్న గుళ్లూ మందుగుండూ అయిపోయాయి, తిరిగొచ్చేశాడు. ఆ మీద బుస్సీని కూడా దక్కన్ నుంచి వెనక్కి పిలిపించుకున్నాడు. ఉత్తర సర్కార్లలో కాన్‌ఫ్లాన్స్ అనే, ఈ ప్రాంతం గురించి పెద్దగా తెలియని ఆఫీసరు మిగిలాడు. బుస్సీ ఉండి ఉంటే కథ వేరేలా నడిచేదేమో అనిపిస్తుంది, కానీ బుస్సీ అయినా జీతాలు ఎక్కణ్ణుంచి తెస్తాడు?

1758 డిసెంబరులో పిఠాపురం దగ్గర చందుర్తిలో, క్లైవ్ పంపిన కర్నల్ ఫోర్డ్ సైన్యమూ కాన్‌ఫ్లాన్స్ సైన్యమూ ఎదురుపడ్డాయి. బెంగాల్ నుంచి వచ్చిన సిపాయిలు ఎర్ర కోట్లు తొడుక్కుని ఉన్నారు, ఫ్రెంచి వాళ్లు వాళ్లనే తెల్ల సైన్యం అనుకుని తమ తెల్ల దళాన్ని అటు తిప్పారు. అసలు తెల్ల దళం ఏపుగా ఎదిగిన చేను వెనక కనపడకుండా ఉంది. సిపాయిలు చెదిరిపోగానే గెలిచామని ఫ్రెంచి వాళ్లు వరస తప్పి ముందుకి వెళ్లారు, పక్క నుంచి ఫోర్డ్ తెల్ల దళం కాల్పులు మొదలుపెట్టింది, అంతే. కాన్‌ఫ్లాన్స్ గుర్రాలు మార్చుకుంటూ రాజమండ్రి వైపు పారిపోయాడు.

ఇంత గెలిచి కూడా ఫోర్డ్ రాజమండ్రి దగ్గర వారాల తరబడి కదల్లేకపోయాడు. కారణం మళ్లీ డబ్బే. ఖర్చులు భరిస్తానన్న ఆనంద గజపతి ఇవ్వలేదు, వాయిదాలు వేశాడు, కొత్తగా ఒప్పందం రాసుకుంటే గానీ సైన్యం కదలలేదు. మార్చిలో మచిలీపట్నం కోట ముందుకి చేరితే అక్కడ ఫోర్డ్ సొంత తెల్ల సైనికులే బకాయిల కోసం, కొల్లగొట్టిన సొత్తులో వాటా కోసం తిరగబడ్డారు. కోట లోపల ఉన్నవాళ్లే బయటున్న వాళ్ల కంటే ఎక్కువ. సలాబత్ జంగ్ పెద్ద సైన్యంతో బెజవాడ దాకా వచ్చేశాడు. ఫోర్డ్ దగ్గర రెండు రోజులకి సరిపడా మందుగుండే మిగిలింది. ఇక వేరే దారి లేక 1759 ఏప్రిల్ 7 రాత్రి ఒక దళాన్ని బురద నేల వైపు నుంచి హడావుడి చెయ్యడానికి పంపి, అసలు దాడి ఇంకోవైపు నుంచి చేయించాడు. తెల్లారేసరికి కోట చేతికొచ్చింది. గాలి ఎటుందో చూసుకున్న సలాబత్ జంగ్ మే 14న మచిలీపట్నాన్నీ చుట్టుపక్కల ప్రాంతాన్నీ ఇంగ్లీషు వాళ్లకి రాసిచ్చి, ఇకపై ఫ్రెంచి వాళ్లని తన రాజ్యంలో ఉండనివ్వను అని సంతకం పెట్టాడు. మన చరిత్రలో ప్లాసీకి ఇచ్చిన చోటులో పదో వంతు కూడా మచిలీపట్నానికి దక్కకపోవడం అన్యాయం. దక్కన్‌లో ఫ్రెంచి ఆట అక్కడితో ముగిసింది.

అదే 1759లో మిగతా ప్రపంచంలో జరిగింది చకచకా చెప్పుకోవచ్చు. సెప్టెంబరు 13న క్విబెక్ బయట ఇంగ్లీషు సేనాపతి వుల్ఫ్, ఫ్రెంచి సేనాపతి మోంకామ్ ఇద్దరికీ ప్రాణాంతకమైన దెబ్బలు తగిలాయి, ఊరు ఇంగ్లీషు వాళ్లదైంది. నవంబరు 20న బ్రిటనీ తీరంలో కీబెరాన్ అఖాతంలో తుపాను గాలిలోనే ఫ్రెంచి నౌకాదళాన్ని ఇంగ్లీషు నౌకాధిపతి హాక్ చెల్లాచెదురు చేశాడు, దాంతో కెనడాకి గానీ పాండిచ్చేరికి గానీ సాయం పంపే దారి మూసుకుపోయింది. సరిగ్గా ఆ రోజుల్లోనే పారిస్ ఖజానా చెల్లింపులు ఆపేసింది, 15వ లూయీ తన వెండి పళ్లాలూ గిన్నెలూ కరిగించమని టంకశాలకి పంపాడు. రాజు వెండి కంచాలు కరిగిస్తున్న దేశానికి, అప్పు ఇచ్చేవాళ్లు క్యూ కడుతున్న దేశానికి మధ్య యుద్ధం ఎక్కువ కాలం నడవదు. ఇక్కడ తమిళ దేశంలోని వందవాసిలో లాలీ సైన్యం నెలల తరబడి జీతాల్లేక తిరగబడింది, 1760 జనవరి 22న అక్కడే ఓడిపోయింది, మరో ఏడాదికి పాండిచ్చేరి లొంగిపోయింది, ఊరిని నేలమట్టం చేశారు. ఓటమికి ఎవరో ఒకరు బలి కావాలి కాబట్టి 1766లో పారిస్‌లో లాలీ తల నరికారు. ఇది చాలా దారుణమైన పని, డబ్బు పంపని ప్రభుత్వమే డబ్బు లేక ఓడినవాడికి శిక్ష వేసింది.

1762లో స్పెయిన్ కూడా దిగితే ఇంగ్లీషు వాళ్లు హవానా పట్టుకున్నారు, మద్రాసు నుంచి ఓడల్లో సిపాయిలని తీసుకెళ్లి మనీలా కూడా పట్టుకున్నారు. ఊరిని దోచకుండా ఉండాలంటే 40 లక్షల డాలర్లు కట్టమన్నారు, అందులో సగానికి మాడ్రిడ్ ఖజానా చెల్లించాలని రాసిన కాగితాలు (హుండీలు) ఇచ్చారు, మాడ్రిడ్ వాటిని చెల్లించలేదు. ఆ సిపాయిల్లో కొందరు వెనక్కి రాకుండా మనీలా దగ్గర కైంటా అనే ఊళ్లో స్థిరపడిపోయారు.

1763 ఫిబ్రవరి 10న పారిస్ ఒప్పందం కుదిరింది. అందులో ఫ్రాన్స్ చేసిన ఎంపిక ఒకటి ఇవాళ చూస్తే వింతగా ఉంటుంది. కెనడా అంతా వదిలేసుకుని, గ్వాడెలూప్, మార్టినీక్ అనే రెండు చిన్న దీవులని వెనక్కి తీసుకుంది. ఉత్తర అమెరికా మధ్యలో ఉన్న లూసియానా అనే పెద్ద భూభాగాన్ని అంతకుముందే స్పెయిన్‌కి ఇచ్చేసింది. కానీ అప్పటి లెక్కల్లో అది తెలివైన పనే, కెనడా నుంచి బొచ్చు తోళ్లు, చేపలు తప్ప ఏం రావు, ఆ దీవుల్లో పంచదార పండుతుంది. అప్పులో ఉన్న రాజ్యానికి రొక్కం తెచ్చే నేల కావాలి. బ్రిటన్‌లో కూడా కెనడా ఉంచుకుందామా గ్వాడెలూప్ ఉంచుకుందామా అని పెద్ద చర్చే నడిచింది. పాండిచ్చేరి, యానాం లాంటివి ఫ్రాన్స్‌కి వెనక్కి వచ్చాయి, మధ్యలో చేతులు మారినా యానాం 1954 దాకా ఫ్రెంచి వాళ్ల దగ్గరే ఉండడానికి మూలం ఈ ఒప్పందమే.

ఇప్పుడు బిల్లు సంగతి. యుద్ధానికి ముందు బ్రిటన్ జాతీయ అప్పు సుమారు 7.5 కోట్ల పౌండ్లు, యుద్ధం అయ్యేసరికి 13 కోట్లు దాటింది. ఏటా వచ్చే పన్నుల్లో సగానికి పైగా వడ్డీలకే పోతోంది. ఇంగ్లండ్‌లో యాపిల్ కల్లు మీద పన్ను వేస్తే 1763లో అల్లర్లు జరిగాయి. మరోపక్క గెలిచిన అమెరికాని కాపాడ్డానికి 10,000 మంది సైనికులని అక్కడ ఉంచాలనుకున్నారు. మీ కోసమే కదా ఈ యుద్ధం, కొంచెం మీరూ కట్టండి అని 1764లో పంచదార చట్టం, 1765లో స్టాంపు చట్టం తెచ్చారు, పత్రికలకీ, దస్తావేజులకీ, పేకముక్కలకీ, పాచికలకీ కూడా స్టాంపు. లండన్ వైపు నుంచి చూస్తే అది న్యాయమే, అమెరికా వాళ్లు కట్టే పన్ను ఇంగ్లండ్‌లో వాళ్లు కట్టేదాంతో పోలిస్తే చాలా తక్కువ. కానీ పార్లమెంటులో మా మనిషి ఒక్కడూ లేకుండా మా మీద పన్ను ఏంటి అన్నారు అమెరికా వాళ్లు. పైగా కెనడాలో ఫ్రెంచి వాళ్లు లేకపోయేసరికి బ్రిటిష్ సైన్యం కాపలా అవసరమే తగ్గిపోయింది. అంటే గెలుపే బ్రిటన్‌కి ఎసరు పెట్టింది.

అమెరికా కట్టనన్న డబ్బు కోసం చూపు ఇంకో వైపు పడింది. 1765 ఆగస్టులో మొఘల్ పాదుషా షా ఆలం బెంగాల్, బీహార్, ఒరిస్సా దివానీ, అంటే శిస్తు వసూలు హక్కు, కంపెనీకి ఇచ్చాడు. అదే ఆగస్టులో ఉత్తర సర్కార్లకి కూడా పాదుషా ఉత్తర్వు (ఫర్మానా) రాయించుకున్నారు. పాదుషా రాసిస్తే సరిపోదు, నేల నిజాంది, అందుకని కొండపల్లి కోటని సైన్యంతో తీసుకుని, దుబాసీ (రెండు భాషల మధ్యవర్తి) కాండ్రేగుల జోగిపంతులు లాంటి వాళ్లతో హైదరాబాదులో మంతనాలు చేయించి 1766లో నిజాంతో ఒప్పందం చేసుకున్నారు, ఏటా ఇంత పేష్కష్ (కప్పం) కడతాం అని. 1767 నుంచి కంపెనీ ఏడాదికి 4 లక్షల పౌండ్లు బ్రిటిష్ ప్రభుత్వానికి కట్టాలని లండన్ పట్టుబట్టింది. ఆ 4 లక్షలు ఎక్కణ్ణుంచి వస్తాయి? బెంగాల్ రైతు నుంచి. 1769లో వానలు పడలేదు, 1770లో కరువు, అయినా శిస్తు వసూలు ఆగలేదు, అప్పటి అంచనాల ప్రకారం బెంగాల్‌లో మూడో వంతు జనం చనిపోయారు. ఈ చరిత్ర మొత్తంలో బిల్లు అందరికంటే ఎక్కువ కట్టింది వాళ్లే, వాళ్లలో ఒక్కరి పేరూ మనకి తెలీదు.

రైతు చచ్చాక శిస్తు ఎక్కణ్ణుంచి వస్తుంది? 1772లో లండన్ మార్కెట్ కుదేలయ్యేసరికి కంపెనీ పీకల్లోతు అప్పుల్లో ఉంది, గోడౌన్లలో చైనా టీ మాత్రం గుట్టలుగా పడి ఉంది. 1773లో ప్రభుత్వం 14 లక్షల పౌండ్లు అప్పిచ్చి, బదులుగా రెగ్యులేటింగ్ యాక్టుతో కంపెనీ మీద పట్టు తెచ్చుకుంది, ఆ టీని అమెరికాలో నేరుగా చవగ్గా అమ్ముకోమని టీ చట్టం చేసింది. ఆ డిసెంబరు 16 రాత్రి బోస్టన్‌లో 342 పెట్టెల టీ నీళ్లలో పడింది. పాఠ్యపుస్తకంలో ఇది అమెరికా వాళ్ల స్వేచ్ఛ కథ, నిజమే, కానీ ఆ ఓడలు బోస్టన్ రావడానికి వెనక బెంగాల్ కరువు కూడా ఉందని ఆ పాఠంలో ఎక్కడా ఉండదు.

1775లో అమెరికాలో యుద్ధం మొదలైతే ఫ్రాన్స్ పగ తీర్చుకునే ఛాన్సు వచ్చింది అనుకుంది, 1778లో బహిరంగంగా దిగింది. 1781 అక్టోబరులో యార్క్‌టౌన్‌లో కార్న్‌వాలిస్ లొంగిపోవడానికి ఫ్రెంచి నౌకాదళమే ముఖ్య కారణం. పగ తీరింది గానీ ఖర్చు 100 కోట్ల లీవ్రలు (అప్పటి ఫ్రెంచి నాణెం) దాటింది, పాత యుద్ధం అప్పు తీరకుండానే ఇది వచ్చి మీద పడింది, ఆర్థిక మంత్రి నెకర్ పన్నులు వెయ్యకుండా అంతా అప్పులతోనే నడిపాడు.

ఆ అప్పులు ఎలాంటివో ఒకటి చూస్తే చాలు. ఫ్రెంచి ప్రభుత్వం జీవితకాల వార్షికాలు అమ్మేది, అంటే మీరు డబ్బు కడితే, మీరు పేరు రాసిన మనిషి బతికున్నంత కాలం ఏటా 10 శాతం దాకా ఇస్తారు. ఆ మనిషికి 60 ఏళ్లా 6 ఏళ్లా అని తేడా చూడకుండా ఒకే రేటు! జెనీవా బ్యాంకర్లు ఇది పట్టేశారు. మంచి వైద్యం అందే కుటుంబాల నుంచి, మశూచి వచ్చి తగ్గిన ఆరోగ్యమైన ఆడపిల్లలని 30 మందిని ఎంచి, వాళ్ల పేర్ల మీద కోట్లు పెట్టారు. ఆ పిల్లల్లో ఎవరికైనా జబ్బు చేస్తే ఊరంతా కంగారు పడేదట. ఆ ముప్పై మంది పిల్లలు ఎన్నాళ్లు బతికితే ఫ్రాన్స్ అన్నాళ్లు కడుతూ పోవాలి. 1788 నాటికి ఖర్చులో దాదాపు సగం అప్పులకే పోయేది. దొరలూ, చర్చీ మేం పన్ను కట్టం అన్నారు, వాళ్లని ఒప్పించలేక 1614 తర్వాత ఎప్పుడూ పిలవని ఎస్టేట్స్ జనరల్ (చర్చి, దొరలు, సామాన్యుల ప్రతినిధుల సభ)ని 16వ లూయీ 1789 మే 5న పిలిచాడు. జూలైకి విషయం రాజు చెయ్యి దాటిపోయింది.

యార్క్‌టౌన్‌లో లొంగిపోయిన కార్న్‌వాలిస్ 1786లో ఇక్కడికి గవర్నర్ జనరల్‌గా వచ్చాడు. వసూళ్లు నిలకడగా ఉండాలని 1793లో బెంగాల్‌లో శాశ్వత శిస్తు పద్ధతి పెట్టాడు, 1802 నుంచి అది ఉత్తర సర్కార్లకీ వచ్చింది, చెప్పిన తేదీకి కట్టలేని జమీందారీలు వేలానికి వెళ్లేవి. ఇంగ్లీషు వాళ్లని కోరి పిలిచిన విజయనగరం సంస్థానానికి అంత టైం కూడా దొరకలేదు. ఆనంద గజపతి తర్వాత గద్దెక్కిన చిన విజయరామరాజు దగ్గర పేష్కష్ బకాయిలున్నాయని, అలవెన్సు తీసుకుని మచిలీపట్నం వెళ్లి ఉండమని కంపెనీ హుకుం జారీ చేసింది. ఆయన వెళ్లనన్నాడు. 1794 జూలై 10 తెల్లవారుజామున పద్మనాభం దగ్గర కంపెనీ సైన్యం దాడి చేస్తే గంటలోపే రాజూ, ఆయనతో ఉన్న దొరలూ చాలామంది చనిపోయారు. చందుర్తి నుంచి లెక్కేస్తే 36 ఏళ్లు.

ఇక పంచదార. 1763లో కెనడా వద్దనుకుని దీవులు చాలనుకున్న ఫ్రాన్స్ తన ధ్యాసంతా సాన్ డొమాంగ్ మీద పెట్టింది, అదే ఇప్పటి హైతీ. 1780ల్లో యూరప్ తినే పంచదారలో దాదాపు 40 శాతం అక్కణ్ణుంచే వచ్చేది, పండించేది ఆఫ్రికా నుంచి తెచ్చిన సుమారు 5 లక్షల మంది బానిసలు. పారిస్‌లో మనుషులంతా సమానం అన్న ప్రకటన వచ్చాక, 1791 ఆగస్టులో ఆ బానిసలు తోటలు తగలబెట్టి తిరుగుబాటు మొదలుపెట్టారు. వాళ్లని అణచడానికి నెపోలియన్ పంపిన సైన్యం కొంత పోరాటంలో, చాలావరకు పచ్చజ్వరంలో పోయింది. పంచదార దీవే లేకపోతే దానికి తిండి పంపే లూసియానా ఎందుకని, స్పెయిన్ నుంచి వెనక్కి తీసుకున్న ఆ భూభాగాన్ని 1803లో కోటిన్నర డాలర్లకి అమెరికాకి అమ్మేశాడు, దాంతో అమెరికా విస్తీర్ణం రెట్టింపైంది. 1804 జనవరి 1న హైతీ స్వతంత్ర దేశం అయింది.

దాని బిల్లు కూడా వచ్చింది. 1825లో ఫ్రాన్స్ 14 యుద్ధనౌకలు పంపి, మేం పోగొట్టుకున్న తోటలకీ బానిసలకీ 15 కోట్ల ఫ్రాంకులు కడితేనే మీ దేశాన్ని గుర్తిస్తాం అంది. తమ ఒంటికి తామే ఖరీదు కట్టడం అన్నమాట. మొదటి వాయిదాకే హైతీ దగ్గర డబ్బు లేదు, పారిస్ బ్యాంకుల దగ్గరే వడ్డీకి తెచ్చి పారిస్‌కే కట్టింది. 1838లో మొత్తాన్ని 9 కోట్లకి తగ్గించారు గానీ ఆ అప్పు తీర్చడానికి కొత్త అప్పు, దానికి ఇంకో అప్పు, అప్పు పత్రాలు ఫ్రెంచి చేతుల నుంచి చివరికి న్యూయార్క్ బ్యాంకు చేతికి వెళ్లాయి. హైతీ చివరి వాయిదా కట్టింది 1947లో.